సిఎన్‌జి పికప్‌కి ఇంటి దగ్గరే స్పార్క్ ప్లగ్గులు మార్చుకోవచ్చా? ఎండాడ ఎత్తులో మిస్సింగ్ కొడతంది

పెందుర్తి_రమణ

అందరికీ నమస్కారమండి. నాది చిన్న సిఎన్‌జి పికప్, 1.2 లీటర్, నాలుగు సిలిండర్లు, ఇంజను సీటు కిందే ఉంటాది. తెల్లారగట్ల పెందుర్తిలో కూరగాయలు ఏసుకుని విశాఖ ఎంవీపీ రైతుబజారుకి ఎల్తాను, అక్కడ దింపేసేక కిరాయి దొరికితే మధురవాడ వైపు. ఖాళీ బండి బానే ఉంటాది కానీ లోడు ఉన్నప్పుడు హనుమంతవాక దాటి జూ పార్కు దగ్గర ఎత్తు మొదలవ్వగానే బండి కుదుపులు, ఒక సిలిండరు పడిపోయినట్టు డబ్ డబ్ అంటాది, చెక్ ఇంజన్ లైటు కూడా మినుకు మినుకుమంటాది. పెట్రోల్‌కి మార్చేనంటే చాలావరకు సర్దుకుంటాది, మళ్ళీ గ్యాసుకి మారిస్తే అదే కథ.

ప్లగ్గులు ఇంతవరకు మార్చలేదు, 40 వేల కిలోమీటర్లు దాటింది. తెలిసిన షాపులో అడిగితే ప్లగ్గులు, వాటికి కరెంటు ఇచ్చే కాయిల్స్, ఇంజెక్టర్ క్లీనింగ్ అన్నీ కలిపి చేయించేయమన్నారు, ఆ డబ్బుతో నాకు నెల కిస్తీ వెళ్ళిపోద్ది. చేతి పని నాకు అలవాటే, బ్రేక్ షూలు, ఫిల్టర్లు నేనే మార్చుకుంటాను. ప్లగ్గులు కూడా ఇంటి దగ్గర నేనే మార్చుకోగలనా, ఏం సామాను కావాలి, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి, తెలిసినోళ్ళు చెప్పండి.

గాజువాక_మెకానిక్

రమణా, మార్చుకోవచ్చు బాబూ, నిక్షేపంగా మార్చుకోవచ్చు. కానీ ముందు ఆ మినుకుమనే లైటు సంగతి చెప్తాను. లైటు నిలకడగా వెలిగితే ఏదో లోపం ఉందని, తీరిగ్గా చూపించుకోవచ్చు. మినుకుమంటే మాత్రం మిస్సింగ్ గట్టిగా ఉందని అర్థం, అంటే ఒక సిలిండర్లో కాలని గ్యాసు అలాగే సైలెన్సరులోకి పోయి అక్కడ పొగని శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్‌లో కాలతాది. అది వేడెక్కి లోపలి జల్లెడ కరిగిపోతే నాలుగు ప్లగ్గుల ఖర్చుకి ఎన్నో రెట్లు అవుద్ది. అందుకని పని అయ్యేవరకు లోడేసి ఆ ఎత్తు ఎక్కకు, తప్పదంటే పెట్రోల్ మీద నెమ్మదిగా పో.

ఇంక గ్యాసులో కొట్టి పెట్రోల్‌లో కొట్టకపోవడం అంటావా, అది ప్లగ్గుల మీద అనుమానం పెంచే మాటే. గ్యాసు మిశ్రమానికి నిప్పు అంటించడానికి పెట్రోల్ కన్నా ఎక్కువ వోల్టేజి కావాలి. లోడు పడి సిలిండర్లో ఒత్తిడి పెరిగితే ఇంకా ఎక్కువ కావాలి. ప్లగ్గు మొన అరిగి, మొనకీ పక్క ఎలక్ట్రోడ్‌కీ మధ్య గ్యాప్ పెరిగిపోయిందనుకో, లేదా కాయిల్ కింద ప్లగ్గుకి తొడిగే రబ్బరు బూటు ఎక్కడో కరెంటు లీక్ చేస్తోందనుకో, పెట్రోల్‌లో ఎలాగో నెట్టుకొచ్చేస్తాది, గ్యాసులో ఎత్తు మీద దొరికిపోద్ది. నీ బండి చెప్పేది అదే.

కానీ ఏదీ ఊహించి కొనకు. పాత ప్లగ్గులు బయటికి తీసేక అవే చెప్తాయి. వాటిని ఎలా చదవాలో నేను చెప్తాను, వరస మాత్రం కలపకుండా తియ్యి.

డీజిల్_బాబ్జీ

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాది బొలెరో పికప్, అనకాపల్లి నుంచి బెల్లం దిమ్మలు ఏస్తాను. చలికాలం అనంతగిరి వైపు వెళ్ళి రాత్రి ఉంటే పొద్దున్న స్టార్ట్ అవ్వడానికి ఇబ్బంది పెడుతుంది. నేను కూడా ఈ ప్లగ్గులు మార్చాలా?

స్టీల్‌ప్లాంట్_శీను

బాబ్జీ గారూ మీది డీజిల్ కదండీ, డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్గే ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే వచ్చే వేడికే డీజిల్ అంటుకుంటుంది. చలిలో స్టార్టింగ్ కోసం పెట్టేది గ్లో ప్లగ్గు, అది నిప్పురవ్వ ఇవ్వదు, ఎర్రగా కాలి సిలిండర్లో గాలిని వేడి చేస్తుంది. మీటర్లో స్ప్రింగ్ చుట్ట గుర్తు లైటు ఆరేదాకా ఆగి స్టార్ట్ చేసి చూడండి. ముందు బ్యాటరీ, తర్వాత గ్లో ప్లగ్గు, దాని రిలే చూపించండి. దానికి వేరే థ్రెడ్ తెరవండి, అక్కడ చెప్తాను.

రమణ గారూ, మీ బండికి ప్లగ్గు మీదే కాయిల్ ఉందా, లేక లావు వైర్లు ఉన్నాయా? రెండు రకాలూ వచ్చాయి, తీసే పద్ధతి కొంచెం మారుతుంది.

పెందుర్తి_రమణ

సీటు ఎత్తి చూసేను శీను గారూ. ఒక్కో ప్లగ్గు మీద ఒక్కో కాయిల్ ఉంది, 10 నంబరు బోల్టు ఒకటి, పక్కన వైరు సాకెట్టు. దుమ్ము చాలా ఉంది, ఎర్రమట్టి పేరుకుపోయింది.

సుజాత_మధురవాడ

రమణ గారూ, మాకు వాటర్ క్యాన్ల డెలివరీ, రెండు సిఎన్‌జి బళ్ళు ఉన్నాయి, రెంటికీ ప్లగ్గులు నేనే మారుస్తాను. నేను చేసే పద్ధతి చెప్తున్నా, పెద్దవాళ్ళు తప్పుంటే సరిచేయండి.

బండి రాత్రంతా ఆగి ఉండాలి, ఇంజను పూర్తిగా చల్లారాలి. హెడ్డు అల్యూమినియం కదా, వేడి మీద ప్లగ్గు తిప్పితే మరలు ఊడి వచ్చేస్తాయి, అప్పుడు మనం ఇంట్లో ఏం చేయలేం. షెడ్డులోనో నాలుగు గోడల మధ్యనో కాకుండా ఆరుబయట పెట్టండి. సిఎన్‌జి సిలిండరు దగ్గర చేతి వాల్వు మూసేయండి, తాళం తీసేయండి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పేయండి. గ్యాసు పైపుల నట్లు మాత్రం ఒక్కటి కూడా ముట్టుకోవద్దు, సిలిండర్లో నిండుగా ఉన్నప్పుడు 200 బార్ ఒత్తిడి ఉంటుంది, అది మన పని కాదు. సీటు ఎత్తగానే గ్యాసు వాసన వస్తే ఆ రోజుకి పని ఆపేసి డీలర్‌కి ఫోన్ చేయండి, అంతే.

తర్వాత దుమ్ము. ఇది అందరూ తేలిగ్గా తీసుకుంటారు, నా లెక్కలో సగం పని ఇదే. కాయిల్ తీసేక ప్లగ్గు చుట్టూ లోతైన గుంత ఉంటుంది కదా, ప్లగ్గు తీసిన క్షణం ఆ గుంతలో ఉన్న మట్టి అంతా తిన్నగా సిలిండర్లోకి పడుతుంది. అందుకే కాయిల్ తీయకముందే పైన అంతా బ్రష్షుతో, గాలితో శుభ్రం చేసి, కాయిల్ తీసేక గుంతలోకి మళ్ళీ గాలి కొట్టి, ప్లగ్గు పావు చుట్టు వదులు చేసేక ఇంకోసారి గాలి కొట్టి అప్పుడు పూర్తిగా తీయాలి. సైకిల్ పంపుకి సన్న గొట్టం తగిలించినా చాలు. కళ్ళకి అద్దాలు పెట్టుకోండి, ఆ మట్టి మొహం మీదకే వస్తుంది.

వైరు సాకెట్టు లాక్ నొక్కి లాగండి, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ప్లాస్టిక్ విరిగిపోతుంది, ఇంజను వేడికి అవి పెళుసెక్కి ఉంటాయి. బోల్టు విప్పి కాయిల్‌ని అటూఇటూ కొంచెం తిప్పి, రబ్బరు బూటు పట్టు వదిలేక పైకి తీయాలి. వైరు పట్టుకుని లాగొద్దు.

ఒక్కో సిలిండరు పూర్తి చేసేక ఇంకోదానికి వెళ్ళండి. నాలుగూ ఒకేసారి తెరిచి పెట్టొద్దు.

కంచరపాలెం_కుర్రోడు

అక్కా సూపర్‌గా చెప్పారు. రమణ అన్నా ఎలాగూ మారుస్తున్నావు కదా ఇరీడియం వేసెయ్, ఇంకా గ్యాసుకి వేడి ఎక్కువ కాబట్టి ఒక నంబరు కోల్డ్ ప్లగ్గు, అంటే వేడి తొందరగా వదిలేసేది, వేస్తే మంచిదని వీడియోలో చూశాను, మరలకి యాంటీ సీజ్ పేస్టు కూడా రాసెయ్, మళ్ళీ తీసేటప్పుడు ఈజీగా వస్తాయి.

గాజువాక_మెకానిక్

కుర్రోడా, మూడు మాటలూ మంచి మనసుతోనే చెప్పేవు కానీ మూడింటికీ అడ్డు చెప్పాలి నేను.

ఇరీడియం మంచిదే, కాదనను. మొన సన్నగా ఉంటాది, తక్కువ వోల్టేజికే రవ్వ ఇస్తాది, ఎక్కువ కాలం అరగదు. కానీ కంపెనీ ఆ ఇంజనుకి ఇరీడియం నంబరు ఇచ్చిందా లేదా చూడాలి. ఇస్తే వెయ్యి, ఇయ్యకపోతే మామూలు నికెల్ ప్లగ్గు వేసి టైముకి మార్చుకుంటే ఏ నష్టమూ లేదు. ధర తేడా చూసుకో.

కోల్డ్ ప్లగ్గు మాట అస్సలు వద్దు. ప్లగ్గు మొన నడుస్తున్నప్పుడు సుమారు 450 నుంచి 850 డిగ్రీల మధ్య ఉండాలి. 450 కన్నా తక్కువైతే మసి కాలిపోదు, పేరుకుని మిస్సింగ్ తెస్తాది. మరీ ఎక్కువైతే రవ్వ రాకముందే మిశ్రమం అంటుకుని పిస్టన్ మీద దెబ్బ పడతాది. ఆ మధ్యలో ఉంచడానికే కంపెనీవోళ్ళు హీట్ నంబరు ఎంచుతారు, అందులో మనం తెలివితేటలు చూపించకూడదు. పైగా నంబర్లలో పెద్ద తిరకాసు ఉంది. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్గుల్లో నంబరు పెరిగితే కోల్డ్. బాష్‌లో నంబరు పెరిగితే హాట్. 6 బదులు 7 అడిగి తెచ్చుకుంటే ఏ బ్రాండో బట్టి అర్థం తిరగబడిపోద్ది. షాపులో కుర్రోడు ‘సేమే సార్’ అని ఇచ్చేస్తాడు.

పేస్టు సంగతి శీను చెప్తాడు, వాడికి టార్క్, అదే బిగింపు లెక్క, అంటే ప్రాణం.

స్టీల్‌ప్లాంట్_శీను

హహ, చెప్తాను మావా. ఇప్పటి ప్లగ్గుల మరలకి ముందే లోహపు పూత ఉంటుంది, ఎన్‌జీకే వాళ్ళు యాంటీ సీజ్ రాయొద్దనే చెప్తారు. మరలు పొడిగా ఉన్నప్పుడు ఉండే రాపిడిని బట్టి టార్క్ అంకె ఇస్తారు. మధ్యలో పేస్టు పడితే జారుడు పెరిగి, రెంచ్ అదే అంకె చూపించినా లోపల ప్లగ్గు ఎక్కువ బిగుసుకుంటుంది. అల్యూమినియం హెడ్డులో మర లాగేసిందంటే హెడ్డు విప్పి మర మళ్ళీ కట్టించడమో, లోపల కొత్త మర చుట్ట దింపించడమో, ఏదైనా పెద్ద పనే.

అంకెలు: అల్యూమినియం హెడ్డు, వాషరు ఉన్న ప్లగ్గు అయితే 14 మిల్లీమీటర్ల మరకి 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్ల మరకి 15 నుంచి 20, 10 మిల్లీమీటర్లకి 10 నుంచి 12. చూడండి మర సన్నబడేకొద్దీ ఎంత తగ్గిపోతుందో. పాత బళ్ళ అలవాటుతో బిగించేవాళ్ళు కొత్త సన్న ప్లగ్గుల మెడ విరిచేసేది ఇక్కడే. మీ మాన్యువల్లో అంకె ఉంటే అదే ఫైనల్, నేను చెప్పింది మామూలు లెక్క.

టార్క్ రెంచ్ లేకపోతే కూడా దారి ఉంది. ప్లగ్గుని ముందు చేత్తోనే చివరిదాకా తిప్పాలి, వాషరు హెడ్డుకి తగిలిందని తెలుస్తుంది. 14 మిల్లీమీటర్ల కొత్త ప్లగ్గు అయితే అక్కడ్నుంచి పానాతో అర చుట్టు నుంచి చుట్టులో మూడింట రెండొంతుల వరకు. ఆ తిప్పులో వాషరు నలిగి సీల్ అవుతుంది. పాత ప్లగ్గే మళ్ళీ బిగిస్తుంటే వాషరు ముందే నలిగిపోయి ఉంది కాబట్టి చుట్టులో పన్నెండో వంతు చాలు, అంటే గడియారం ముల్లు ఒక అంకె నుంచి పక్క అంకెకి వెళ్ళినంత. సన్న మర ప్లగ్గయితే డబ్బా మీద బొమ్మ వేసి ఉంటుంది, అది చూడండి.

భీమిలి_నాయుడు

మా వైపు బళ్ళకి ఇంకో బెడద అండి. సముద్రం గాలికి ఏదైనా పట్టేస్తది. నా బండి ప్లగ్గు పైన ఆరు పలకల భాగం తుప్పుతో పొడి పొడి అయిపోయి పానా జారిపోయేది. సర్వీసింగులో ప్రెషర్ వాటర్ కొట్టిస్తే నీళ్ళు ఆ గుంతల్లోకి చేరి ఎండవు. సీటు కింద ఇంజను ఉన్న బళ్ళకి కడిగేటప్పుడు పైన నీళ్ళు కొట్టొద్దని చెప్పుకోవాలి. రమణ గారు పెందుర్తి అంటే సముద్రానికి దూరమే గానీ రోజూ బీచ్ రోడ్డు వైపు తిరిగితే కొంచెం చూసుకోండి.

పట్టేసిన ప్లగ్గుని ఒక్క దెబ్బలో విప్పాలని చూడొద్దు. తుప్పు వదిలించే స్ప్రే ప్లగ్గు మొదలు దగ్గర రెండు చుక్కలు వేసి, రాత్రంతా నానబెట్టి, పొద్దున్న కొంచెం వదులు చేసి మళ్ళీ కొంచెం బిగించి, మళ్ళీ వదులు చేసి, ఇలా ముందుకీ వెనక్కీ ఆడించుకుంటూ తీయాలి. కిర్రుమని శబ్దం వస్తే ఆగండి.

పెందుర్తి_రమణ

ఇంత ఓపిగ్గా చెప్తున్నారు, అందరికీ దండాలండి. ఆదివారం బేరం ఉండదు, ఆ రోజు పెట్టుకుంటాను. సామాను ఏం కొనాలి? నా దగ్గర రాట్చెట్, 10 నంబరు సాకెట్టు, ఎక్స్‌టెన్షన్ రాడ్ ఒకటి ఉన్నాయి.

సుజాత_మధురవాడ

ప్లగ్గు సాకెట్టు ఒకటి కొనండి, మామూలు డీప్ సాకెట్టు కాదు, లోపల రబ్బరు గానీ అయస్కాంతం గానీ ఉన్నది. ప్లగ్గుని పట్టుకుని పైకి తెస్తుంది. 14, 16, 21 మిల్లీమీటర్ల సైజులు ఉంటాయి, కొత్త ప్లగ్గు తీసుకెళ్ళి షాపులోనే తొడిగి చూసి కొనండి, సాకెట్టు గోడ మందంగా ఉంటే గుంతలో దిగదు, అదీ చూసుకోండి. ఎక్స్‌టెన్షన్ పొడవు సరిపోవాలి, సీటు కింద చెయ్యి తిరగదు.

వైరు రకం గ్యాప్ గేజి. ఆకుల ఫీలర్ గేజి పాత ప్లగ్గు మీద తప్పు చెప్తుంది, ఎందుకంటే పక్క ఎలక్ట్రోడ్ అరిగి మధ్యలో గుంట పడుతుంది, ఆకు ఆ గుంటలోకి దిగదు.

ఇంకా ఒక జానెడు రబ్బరు గొట్టం, పెట్రోల్ పైపు ముక్క. ఇది అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా ముఖ్యం. కొత్త ప్లగ్గు తలకి ఈ గొట్టం తొడిగి గుంతలోకి దించి వేళ్ళతో తిప్పండి. మర సరిగ్గా పడితే మెత్తగా దిగుతుంది. అడ్డంగా పడితే గొట్టమే ప్లగ్గు మీద జారిపోతుంది, ప్లగ్గు తిరగదు, మర పాడవ్వదు. రాట్చెట్‌తో మొదలెడితే ఆ తేడా చేతికి తెలియదు. ముందు వెనక్కి తిప్పి, మరల మొదళ్ళు ఒకదాని మీద ఒకటి ‘టిక్’ మని దిగినట్టు అనిపించేక ముందుకి తిప్పండి.

గాజువాక_మెకానిక్

సుజాతమ్మ చెప్పిన గొట్టం మాట ప్రతి కుర్రోడికీ మొదటి రోజే నేర్పాలి. నా షెడ్డులో నేను అదే చెప్తాను.

కొనేటప్పుడు నకిలీ ప్లగ్గులు చూసుకో రమణా, పేరున్న బ్రాండ్లకే నకిలీలు ఎక్కువ. వాషరు చేత్తో తేలిగ్గా ఊడి వచ్చేస్తే అనుమానించు. మరలు నున్నగా ఉండాలి, మధ్య మొన తిన్నగా ఉండాలి, పక్క ఎలక్ట్రోడ్ దానికి సరిగ్గా నడిమధ్యన రావాలి. మాన్యువల్లో ఉన్న నంబరు అక్షరంతో సహా రాసుకుని ఎల్లు. ఉదాహరణకి ఎన్‌జీకేలో బీకేఆర్6ఈ-11 అని ఉందనుకో, అందులో ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉందని, 6 హీట్ నంబరు, ఈ అంటే మర పొడవు 19 మిల్లీమీటర్లు, చివర 11 అంటే గ్యాప్ 1.1 మిల్లీమీటర్లు. ఒక్క అక్షరం తేడా వస్తే మర పొడవు మారిపోవచ్చు, పొడవు ఎక్కువైతే పిస్టన్‌కి తగలొచ్చు. ఇది నీ బండి నంబరు కాదు, చదవడం ఎలాగో చెప్పడానికి అన్నాను.

గ్యాప్ విషయం. గ్యాసు బళ్ళకి పెట్రోల్ కన్నా తక్కువ గ్యాప్ ఇస్తారు చాలావరకు. డబ్బాలోంచి తీసినదే సరిగ్గా ఉందని నమ్మకు, కొలువు. తగ్గించాలంటే పక్క ఎలక్ట్రోడ్‌ని గట్టి చోట మెల్లగా తట్టు, మధ్య మొనకి ఏదీ తగలకూడదు. ఇరీడియం అయితే ఆ మొన సన్నది, ఆనించి తిప్పే నాణెం రకం గేజి పెడితే విరిగిపోద్ది. చెయ్యి జారి కింద పడ్డ ప్లగ్గు బాగానే కనపడినా వెయ్యకు, లోపల పింగాణీ చిట్లి ఉండొచ్చు.

ఒక అట్టముక్క మీద 1 2 3 4 అని రాసి చిల్లులు పెట్టుకో, తీసిన ప్లగ్గు ఆ చిల్లులో నిలబెట్టు. ఒకటో సిలిండరు సాధారణంగా బెల్టు పుల్లీ ఉన్న వైపు నుంచి లెక్క. కాయిల్స్ మీద కూడా నంబరు రాయి. పాత ప్లగ్గులు తుడవకు, అలాగే ఫొటో తీసి పెట్టు.

స్టీల్‌ప్లాంట్_శీను

ఒకటి మర్చిపోయాం. ఇంజను లోపం కోడ్లు చదివే బ్లూటూత్ స్కానర్ ఎవరి దగ్గరైనా ఉంటే బ్యాటరీ వైరు విప్పకముందే కోడ్ చదివించండి, వైరు విప్పితే కోడ్లు చెరిగిపోవచ్చు. పీ0300 వస్తే ఏ సిలిండరో తేలని మిస్సింగ్. పీ0301 నుంచి పీ0304 అయితే చివరి అంకే సిలిండరు నంబరు.

పెందుర్తి_రమణ

మా వీధిలో క్యాబ్ తిప్పే తమ్ముడి దగ్గర స్కానర్ ఉంటే చదివించేనండి. పీ0303 వచ్చింది. అంటే మూడోది.

కంచరపాలెం_కుర్రోడు

అయితే మూడో కాయిల్ కొనేస్తే సరిపోద్ది కదా అన్నా?

స్టీల్‌ప్లాంట్_శీను

కొనకుండానే తేల్చొచ్చు తమ్ముడూ. మూడో సిలిండరు కాయిల్ తీసి ఒకటో దాని మీద, ఒకటోది మూడో దాని మీద పెట్టి నడిపితే, కోడ్ పీ0301కి మారితే కాయిల్ దోషం. మూడులోనే ఉండిపోతే కాయిల్ మంచిదే, ప్లగ్గో ఇంజెక్టరో ఇంకోటో. బూటు కూడా కాయిల్‌తో పాటే వెళ్తుంది కాబట్టి దాన్ని విడిగా చూసుకోవాలి. కానీ రమణ గారూ, ముందు మూడోది విప్పి కళ్ళతో చూడండి. చాలాసార్లు అక్కడే తెలిసిపోతుంది.

పెందుర్తి_రమణ

పొద్దున్నే మొదలెట్టేనండి. ఒకటి, రెండు, నాలుగు బాగా వచ్చేయి, పొడిగా ఉన్నాయి, మొన దగ్గర లేత గోధుమ రంగు. మాన్యువల్లో రాసిన గ్యాప్ కన్నా మూడింటికీ ఎక్కువే ఉంది, పక్క ఎలక్ట్రోడ్ గుంట పడిపోయింది. పింగాణీ మీద, ఇనుప భాగానికి కొంచెం పైన, చుట్టూ గోధుమ రంగు మరక ఉంది, గ్యాసు లీకవుతోందా అని భయమేసింది.

మూడోది వేరేగా ఉంది. కాయిల్ లాగితే బూటు నుంచి ఆయిల్ కారింది. గుంతలో ప్లగ్గు ఆరు పలకల దాకా ఆయిల్ నిలిచి ఉంది. తీయలేదు ఇంకా, ఆపేసేను. ప్లగ్గు తీస్తే ఈ ఆయిల్ లోపలికి పోతాది కదా, ఏం చెయ్యను?

గాజువాక_మెకానిక్

ఆగి మంచి పని చేసేవు. కంగారు పడకు, ఇది హెడ్డు పని కాదు.

గుడ్డ ముక్క స్క్రూడ్రైవర్‌కి చుట్టి గుంతలోకి దింపి ఆయిల్ పీల్పించు, గుడ్డలు మార్చి మార్చి పొడి అయ్యేదాకా. పెద్ద సిరంజికి గొట్టం తగిలించి లాగినా వస్తాది. గుడ్డ పోగులు లోపల ఒదిలెయ్యకు. అడుగున కొంచెం తడి మిగిలితే ఫరవాలేదు, ఒక చుక్క లోపలికి పడితే కాలిపోద్ది, కొంచెంసేపు పొగొస్తాది అంతే.

ప్లగ్గు తీసేక రెండు చోట్ల చూడు. మొన, అంటే సిలిండరు లోపల ఉండే భాగం, ఆయిల్‌తో తడిసి నల్లగా ఉంటే ఆయిల్ లోపల్నుంచి వస్తోంది, పిస్టన్ రింగులు గానీ వాల్వు సీళ్ళు గానీ అరిగేయి, అది పెద్ద పని. మొన మిగతా మూడింటిలాగే గోధుమ రంగులో పొడిగా ఉండి, ఆయిల్ పైభాగంలో మాత్రమే ఉంటే అది పైనుంచి వచ్చిన ఆయిల్. టాపెట్ కవర్, అంటే ఇంజను పై మూత, దాని ప్యాకింగో, ప్లగ్గు గుంత చుట్టూ ఉండే రబ్బరు సీలో గట్టిపడి లీక్ ఇస్తోందన్నమాట. ఆ తేడా చూసి చెప్పు.

ఆ గోధుమ మరక చూసి భయపడకు. ఎక్కువ వోల్టేజికి చుట్టూ గాలిలో ఉన్న నూనె తుంపరలు, దుమ్ము పింగాణీకి అంటుకుని పడే మరక అది. అందరూ లీక్ అనుకుంటారు. ప్లగ్గు పాడైనట్టు కాదు.

పెందుర్తి_రమణ

మొన పొడిగానే ఉందండి! రంగు కూడా మిగతా వాటిలాగే. ఆయిల్ అంతా పైనే. కానీ పింగాణీ మీద పైనుంచి కిందకి సన్నగా పెన్సిల్‌తో గీసినట్టు నల్ల గీత ఉంది, తుడిచినా పోలేదు. బూటు లోపల కూడా అలాంటిదే గీత, రబ్బరు ఉబ్బిపోయి మెత్తగా అయిపోయింది.

గాజువాక_మెకానిక్

దొరికేసింది. ఆయిల్ నానబెట్టి బూటు రబ్బరు పాడుచేసింది, ఇన్సులేషన్ పోయింది. కరెంటు మొన దాకా వెళ్ళకుండా ఆ గీత వెంబడి పింగాణీ బయటినుంచి ఇనుము మీదకి దూకేస్తోంది. ఒకసారి దూకితే అక్కడ బొగ్గు గీత పడతాది, తర్వాత ప్రతిసారీ ఆ దారే పడతాది. పెట్రోల్‌లో తక్కువ వోల్టేజి చాలు కాబట్టి మొనకి ఎల్లేది, గ్యాసులో ఎత్తు మీద మొన దగ్గర అడ్డు ఎక్కువై పక్కదారి పట్టేది. నీ బండి ఎండాడలో ఎందుకు కొట్టిందో ఇదే సమాధానం.

ఇప్పుడు ప్లగ్గు ఒక్కటి మార్చి ఆ పాత బూటే తొడిగితే కొత్త ప్లగ్గు మీద కూడా అదే గీత పడిపోద్ది. బూటు మార్చాల్సిందే. కొన్ని కాయిల్స్‌కి బూటు, లోపలి స్ప్రింగు విడిగా దొరుకుతాయి, దొరికితే ఆ ఒక్కటీ కొను, కాయిల్ మొత్తం అక్కర్లేదు. ఆటోనగర్లో అడుగు, పాత బూటు చేత్తో పట్టుకెళ్ళి పొడవు పోల్చి తీసుకో. టాపెట్ కవర్ ప్యాకింగు, నాలుగు గుంతల సీళ్ళు కొత్తవి ఏసెయ్, లేకపోతే మళ్ళీ ఆయిల్ నిండిపోద్ది. షాపువోళ్ళు చెప్పిన ఇంజెక్టర్ క్లీనింగ్ ఇప్పుడు వద్దు, దాని అవసరం కనపడ్డంలేదు.

సుజాత_మధురవాడ

కవర్ బోల్టులు కూడా చాలా తక్కువ టార్క్ అండి, మధ్యలోంచి మొదలెట్టి అడ్డంగా మార్చుకుంటూ కొంచెం కొంచెం బిగించాలి. గట్టిగా లాగితే ప్యాకింగ్ పిండినట్టై పక్కకి వచ్చేస్తుంది, మళ్ళీ లీకు. పాత ప్యాకింగ్ ముక్కలు అంచుల్లో అంటుకుని ఉంటే ప్లాస్టిక్ ముక్కతో గీకండి, ఇనుముతో గీకితే అల్యూమినియం మీద గీతలు పడతాయి. ఆ ముక్కలు ఇంజనులోకి పడకుండా చూడండి.

కొత్త బూటు లోపలి అంచుకి కొంచెం డైఎలక్ట్రిక్ గ్రీజు రాయండి, పలచగా. తేమ రాదు, ఈసారి తీసేటప్పుడు రబ్బరు చిరగదు. మామూలు బేరింగ్ గ్రీజు మాత్రం వద్దు, అది మళ్ళీ రబ్బరుని ఉబ్బిస్తుంది.

భీమిలి_నాయుడు

ప్లగ్గులు తీసి ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టొద్దండి ఎవరూ. గ్యాసు, పెట్రోల్ గుంతల్లోంచి బయటికి చిమ్ముతుంది, కాయిల్స్ తగిలించి ఉంటే రవ్వ కూడా అక్కడే. సీటు కింద, మన కాళ్ళ దగ్గర. మా ఊళ్ళో ఒకరు అలా చేయబోతుంటే ఆపేను.

పెందుర్తి_రమణ

అయిపోయిందండి. బూటు విడిగా దొరికింది. ప్యాకింగు, సీళ్ళు, నాలుగు ప్లగ్గులు కొత్తవి. గొట్టంతో మర పట్టించడం అద్భుతంగా ఉంది సుజాత గారూ, మూడోది మొదట అడ్డంగా పడితే గొట్టం జారిపోయి నాకు తెలిసిపోయింది, వెనక్కి తిప్పి మళ్ళీ పెడితే వెన్నలాగ దిగింది. శీను గారి టార్క్ అంకె మాన్యువల్లో చూసి బిగించేను, మా తమ్ముడు రెంచ్ ఇచ్చేడు.

మొదట పెట్రోల్ మీద స్టార్ట్ చేసేను, కొంచెంసేపు పొగొచ్చి ఆ పొగ ఆగిపోయింది, మావ చెప్పినట్టే. తర్వాత గ్యాసు వాల్వు తెరిచి, వాసన చూసుకుని, కోడ్లు చెరిపేసేను. పొద్దున్న నిండు లోడు, టమాటా ట్రేలు, ఉల్లిపాయ బస్తాలు. హనుమంతవాక నుంచి ఎండాడ దాకా గ్యాసు మీదే ఎక్కేను, ఒక్క కుదుపు లేదు, లైటు రాలేదు. స్కానర్ పెట్టి చూస్తే కోడ్ ఏమీ లేదు.

ఇంకో ప్రశ్న. ఈ ప్లగ్గులు మళ్ళీ ఎప్పుడు చూడాలి?

గాజువాక_మెకానిక్

చాలా సంతోషం రమణా. నికెల్ ప్లగ్గులు కదా వేసేవు, మాన్యువల్లో గ్యాసు బండికి విడిగా గడువు రాసి ఉంటాది, పెట్రోల్ గడువు చూసి మోసపోకు. గ్యాసులో మొన తొందరగా అరుగుతాది కాబట్టి సగం గడువులో ఒకసారి తీసి గ్యాప్ కొలువు. తీసినప్పుడల్లా చల్లారిన ఇంజను మీదే, అదే అట్టముక్క, అదే వరస.

వారం తిరిగేక మూడో కాయిల్ ఒక్కటి లేపి గుంతలో ఆయిల్ ఉందేమో టార్చి వేసి చూడు. పొడిగా ఉంటే ప్యాకింగ్ పట్టిందన్నమాట. తడి కనపడితే ఇక్కడే రాయి, కవర్ అంచు వంగిందేమో చూద్దాం.

కంచరపాలెం_కుర్రోడు

మావా, నా బండిది కూడా సిఎన్‌జినే, 30 వేలు తిరిగింది, మిస్సింగ్ ఏమీ లేదు. అయినా తీసి చూడనా?

గాజువాక_మెకానిక్

తీసి చూడు. ఒక్క ప్లగ్గుతో మొదలెట్టు, ఫొటో ఇక్కడ పెట్టు. వీడియోలో చెప్పిన నంబరు కాదు, నీ మాన్యువల్లో ఉన్న నంబరు కూడా పక్కన రాయి.

పెందుర్తి_రమణ

మూడో గుంత చూసేనండి, పొడిగా ఉంది. తమ్ముడూ కంచరపాలెం కుర్రోడా, ప్లగ్గు సాకెట్టు, వైరు గేజి నా దగ్గర ఉన్నాయి, పెందుర్తి వైపు వస్తే పట్టుకెళ్ళు, గొట్టం ముక్క కూడా ఇస్తాను.